కరెంటు లేని చోట క్యాంపింగ్: ట్రైలర్ బ్యాటరీని దేనితో నింపాలి?

మా మొదటి ట్రైలర్‌లో (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) రెండో రాత్రి, సుమారు మూడు గంటలప్పుడు హీటర్ ఫ్యాన్ చప్పుడు మారింది. అప్పటిదాకా హాయిగా తిరుగుతున్నది కాస్తా మూలగడం మొదలుపెట్టి, కాసేపటికి ఆగిపోయింది. గ్యాస్ నిండుగా ఉంది. లైటు వేస్తే మిణుకుమిణుకుమంది. టార్చి పట్టుకుని బయటికెళ్లి బ్యాటరీకి మీటరు పెట్టి చూస్తే 10.8 వోల్టులు. "బండి నడుస్తున్నంతసేపూ బ్యాటరీ దానంతటదే చార్జ్ అవుతుంది, మీకేం టెన్షన్ అక్కర్లేదు" అని ట్రైలర్ అమ్మినాయన చెప్పాడు. ఆ మాట పట్టుకుని ఆరు గంటలు నడిపి, నిండిపోయే ఉంటుందిలే అనుకుని పడుకున్నాం. తెల్లారేదాకా దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం.

తర్వాత సోలార్ పెట్టాను, జనరేటర్ మోశాను, వైర్లు మార్చాను. వీటిలో ఏది మంచిదని ఎవరైనా అడిగితే ఇప్పుడు ముందు నేనే ఒక ప్రశ్న వేస్తాను: మీ బ్యాటరీ ఏ రకం? లెడ్ బ్యాటరీ (సీసం పలకలు, యాసిడ్ ఉండే పాత రకం) గుటకలు వేస్తూ నెమ్మదిగా తాగే రకం. లిథియం గటగటా తాగేస్తుంది. పోసేది ఏదైనా తాగేవాడి వేగానికి సరిపడాలి. కొన్న డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

ముందు రోజు ఖర్చు తేల్చుకోండి

ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు వాడితే 1 ఏహెచ్ ఖర్చయినట్టు. ఇద్దరుండే చిన్న ట్రైలర్‌లో రోజు లెక్క ఇలా తేలుతుంది. నాలుగైదు ఎల్ఈడీ లైట్లు సాయంత్రం నాలుగు గంటలు వెలిగితే 4 ఏహెచ్. నీళ్ల పంపు నడిచేటప్పుడు 6 ఆంపియర్ల దాకా లాగుతుంది కానీ రోజంతా కలిపినా పావుగంట నడవదు, ఒకటిన్నర వేసుకోండి. రెండు ఫోన్లకు 3. ఇదంతా చిల్లర ఖర్చు.

అసలు ఖర్చు కనిపించని చోట ఉంటుంది. గ్యాస్ లీక్ అలారం, ఫ్రిజ్‌లోని కంట్రోల్ బోర్డు, ఆఫ్ చేశామనుకున్న స్టీరియో, ఇవన్నీ కలిసి అర ఆంపియర్ దాకా లాగుతూనే ఉంటాయి. అర ఆంపియరే కదా అనిపిస్తుంది. 24 గంటలకు అది 12 ఏహెచ్, అంటే లైట్లకు అయినదానికి మూడు రెట్లు. ఇక చలి రాత్రి హీటర్ సంగతి. మంట గ్యాస్‌దే అయినా వేడిగాలిని లోపలికి తోసే ఫ్యాన్ బ్యాటరీ మీదే తిరుగుతుంది. 8 ఆంపియర్ల ఫ్యాన్ ఆగుతూ సాగుతూ రాత్రంతా కలిపి నాలుగు గంటలు తిరిగితే 32 ఏహెచ్. మొత్తం 50 దాటింది. హీటర్ తీసేస్తే 20 దగ్గరే ఆగుతుంది.

ఈ లెక్కలో ఫ్రిజ్ కలపలేదు. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ అయితే ఫర్వాలేదు కానీ, దారిలో 12 వోల్టుల మీద పెట్టిన దాన్ని దిగాక గ్యాస్‌కి మార్చడం మరిచిపోతే కొంప మునిగినట్టే. అందులో ఉండేది హీటింగ్ కాయిల్, 10 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది, సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ. కంప్రెసర్‌తో నడిచే 12 వోల్టుల ఫ్రిజ్ అంత ఆశపోతు కాదు, అయినా రోజుకు 30 నుంచి 50 ఏహెచ్ తింటుంది. ఇన్వర్టర్ పెట్టుకుని 1,500 వాట్ల కెటిల్‌తో ఐదు నిమిషాలు నీళ్లు కాచుకుంటే 12 ఏహెచ్ అయిపోతుంది. వేడి పుట్టించే పనులు ఏవైనా గ్యాస్ మీద చేసుకోవడమే నయం.

ఏ చార్జర్ కొన్నదానికన్నా ఖర్చు తగ్గించడం చౌక. పాత ట్రైలర్‌లలో ఒక్కో బల్బు ఒకటిన్నర ఆంపియర్ లాగుతుంది, అదే వెలుగుకు ఎల్ఈడీకి 0.2 చాలు. ఇన్వర్టర్‌కి ఏమీ తగిలించకపోయినా ఆన్‌లో ఉంచితే చాలు, పెద్దవైతే ఒక ఆంపియర్ వరకూ తినేస్తాయి. వాడనప్పుడు ఆపేయండి. గ్యాస్ అలారం జోలికి మాత్రం పోకండి, అది లాగే కరెంటు లాగనివ్వండి.

బ్యాటరీ ఎంత తొందరగా తాగుతుంది?

100 ఏహెచ్ అని రాసున్న లెడ్ బ్యాటరీలో మీరు ధైర్యంగా వాడుకోగలిగేది 50. అంతకన్నా కిందికి దిగితే పని చేయదని కాదు, మాటిమాటికీ దించితే కొన్ని నెలల్లోనే పనికిరాకుండా పోతుంది. పైన చెప్పిన చలి రాత్రి లెక్కకు ఈ బ్యాటరీ సరిగ్గా ఒక్క రాత్రికి సరిపోతుంది. నీళ్లు పోసే మామూలు రకమైనా, మూత తెరవక్కర్లేని ఏజీఎం అయినా ఈ విషయంలో తేడా లేదు. ఏజీఎం కొంచెం వేగంగా చార్జ్ తీసుకుంటుంది, వాయువు బయటికి రానివ్వదు, డిస్టిల్డ్ వాటర్ గొడవ ఉండదు. లెడ్‌లోనే ఉండాలనుకునేవాళ్లకు నేను చెప్పేది గోల్ఫ్ కార్ట్‌లలో వాడే 6 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలుపుకోమని. 220 ఏహెచ్ దాకా వస్తుంది, లోపలి పలకలు మందంగా ఉంటాయి కనుక దెబ్బలకు తట్టుకుంటాయి. బరువు మాత్రం రెండూ కలిసి 55, 60 కిలోలు.

లెడ్ బ్యాటరీకి ఉన్న అసలు గుణం చివరి అంకంలో బయటపడుతుంది. సగం నుంచి 80 శాతం వరకూ చురుగ్గానే ఎక్కుతుంది. అక్కడి నుంచి లోపలికి వెళ్లే కరెంటు తగ్గుతూ పోతుంది. మీ చార్జర్ 40 ఆంపియర్లదైనా, 80 ఆంపియర్లదైనా అది తీసుకునేది పదో పన్నెండో. ఆ మిగిలిన 20 శాతానికి మూడు నుంచి ఐదు గంటలు పడుతుంది. పోనీలే అని వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, బ్యాటరీ సామర్థ్యం ఏటికేడాది కుంచించుకుపోతుంది.

లిథియంలో (ట్రైలర్‌లకు వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) 100కి 90 వరకూ నిశ్చింతగా వాడుకోవచ్చు. దాదాపు నిండేదాకా ఒకే వేగంతో తీసుకుంటుంది. 50 ఆంపియర్ల చార్జర్ ఉంటే సగం ఖాళీ అయిన 100 ఏహెచ్ బ్యాటరీ గంట, గంటంపావులో నిండుతుంది. సగంలో ఆపేసినా దానికేం కాదు. 100 ఏహెచ్‌ది 12 కిలోల చుట్టూ ఉంటుంది, లెడ్‌ది 30 కిలోల దాకా. రెండు వేల సార్లకు పైగా నింపి వాడుకోవచ్చు. పెద్ద లోపం ఒక్కటే: లోపలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగువన ఉంటే చార్జ్ చేయకూడదు. మంచి వాటిలో ఉండే రక్షణ సర్క్యూట్ దానంతటదే ఆపేస్తుంది, కొన్నింటిలో వేడిచేసే పొర కూడా ఉంటుంది. గడ్డకట్టే చలిలో తిరిగేవాళ్లు దాన్ని ట్రైలర్ లోపలే పెట్టుకోవాలి.

కొలత దగ్గర కూడా రెండింటికీ పొత్తు కుదరదు. లెడ్ బ్యాటరీని ఏమీ వాడకుండా కొన్ని గంటలు వదిలి చూస్తే 12.7 వోల్టులు అంటే నిండు, 12.1 లేదా 12.2 అంటే సగం. లిథియంలో వోల్టేజీ 13.2 దగ్గరే బిగుసుకుని కూర్చుంటుంది, 80 శాతం ఉన్నా 50 ఉన్నా తేడా పెద్దగా కనిపించదు. అందుకని వచ్చే పోయే కరెంటు లెక్క కట్టే షంట్ మీటరు ఒకటి బిగించుకోండి. లెడ్ ఉన్నవాళ్లకు కూడా అదే మొదటి కొనుగోలు కావాలని నా అభిప్రాయం.

సోలార్

ఎండ తగిలే చోట నాలుగైదు రోజులు కదలకుండా ఉండేవాళ్లకు దీనికి సాటి లేదు. చప్పుడు లేదు, ఇంధనం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా పోస్తూ ఉంటుంది కనుక లెడ్ బ్యాటరీకి చివరి 20 శాతం నింపడానికి దీన్ని మించినది లేదు.

ఎంత వస్తుంది? 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో 5 ఆంపియర్లకు అటూఇటుగా ఇస్తుంది. వేసవి రోజు మొత్తం మీద 25 నుంచి 30 ఏహెచ్ వస్తే సంతోషించాలి. పైన వేసిన హీటర్ లేని లెక్కకు ఒక్క ప్యానెల్ సరిపోతుంది, హీటర్ ఉన్నదానికి రెండు కావాలి. చిక్కేమిటంటే హీటర్ అవసరమయ్యే రోజుల్లోనే పగలు పొట్టిగా ఉండి సూర్యుడు వాలి ఉంటాడు. పైకప్పు మీద బల్లపరుపుగా పరిచిన ప్యానెల్ అప్పుడు వేసవిలో ఇచ్చినదానిలో సగం కూడా ఇవ్వకపోవచ్చు. ఎండ ఎక్కువైనా ఇబ్బందే. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ దిగుబడి 0.4 శాతం వరకూ పడిపోతుంది, మండుటెండలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 16 శాతం పోయినట్టే. కింద గాలి ఆడేలా రెండు అంగుళాల ఖాళీ ఉంచమనేది అందుకే. కప్పుకు అతికించే పల్చటి ప్యానెళ్లకు ఆ ఖాళీ ఉండదు. అవి త్వరగా పాడవుతాయి కూడా, నేనైతే కొనను.

నీడ సంగతి కళ్లారా చూస్తేగానీ నమ్మరు. ఒక మధ్యాహ్నం మా ప్యానెల్ 5.2 ఆంపియర్లు ఇస్తోంది. గంటసేపటికి మీటరు 1.4 చూపిస్తోంది. మబ్బు లేదు. వెళ్లి చూస్తే ఒక మూలన, అరచేయంత మేర కొమ్మ నీడ పడుతోంది. ప్యానెల్‌ని రెండు అడుగులు జరిపితే మళ్లీ 5.1. లోపలి గళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి దండలా గుచ్చినట్టుంటాయి, ఒక గడి కళ్లు మూసుకుంటే దండ మొత్తం దాని వేగానికి దిగిపోతుంది. పైకప్పు మీద బిగించినదానికీ, నేల మీద పెట్టుకునే మడత ప్యానెల్‌కీ మధ్య ఎంపిక ఇక్కడే తేలుతుంది. పైకప్పుది ఎప్పుడూ ఉంటుంది, దొంగల భయం తక్కువ, దారిలో కూడా పని చేస్తుంది. కాకపోతే ట్రైలర్ ఎక్కడుంటే అదీ అక్కడే. వేడి రోజున ట్రైలర్‌ని చెట్టు కింద పెట్టాలనిపిస్తుంది, ప్యానెల్‌కేమో ఎండ కావాలి. మడత ప్యానెల్ అయితే 10 మీటర్ల వైరుతో ఎండలోకి తీసుకెళ్లి, పూటకోసారి సూర్యుడి వైపు తిప్పుకోవచ్చు. ఒక్కటే కొనాలంటే నేను మడత ప్యానెల్ వైపే మొగ్గుతాను. ఒక ప్యానెల్ పైన, ఒకటి కింద అయితే మరీ మంచిది.

మడత ప్యానెళ్లకు చాలావాటికి కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసేది) వెనకాలే బిగించి వస్తుంది. అక్కడ ఉండకూడదు. పొడుగు వైరులో పోయే వోల్టేజీ కంట్రోలర్‌కి తెలియదు, బ్యాటరీ నిండిందనుకుని ముందే వెనక్కి తగ్గుతుంది. దాన్ని విప్పి బ్యాటరీ పక్కకు మార్చుకోండి.

కంట్రోలర్‌లలో రెండు రకాలు. 18 వోల్టులు, 5.5 ఆంపియర్లు ఇచ్చే ప్యానెల్‌ని పీడబ్ల్యూఎం కంట్రోలర్ బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. 13 ఇంటూ 5.5, అంటే 72 వాట్లు. 100కి డబ్బు కట్టి 72 తీసుకున్నట్టు. ఎంపీపీటీ ఆ అదనపు వోల్టులను ఆంపియర్లుగా మారుస్తుంది. లాభం పరిస్థితిని బట్టి 10 నుంచి 30 శాతం, చలిలో ఎక్కువ, ఎండ మండేటప్పుడు తక్కువ. ఒక్క 100 వాట్ల ప్యానెల్ ఉంటే పీడబ్ల్యూఎం చాలు, ఆ తేడా డబ్బుతో ఇంకాస్త పెద్ద ప్యానెల్ కొనుక్కోవచ్చు. 200 దాటితే ఎంపీపీటీ.

జనరేటర్

చెట్ల నీడలో, వరుసగా ముసురు పట్టినప్పుడు, చలికాలంలో నమ్ముకోదగ్గది ఇదొక్కటే. ఇన్వర్టర్ రకం 2,000 వాట్లది ఒక మనిషి మోయగలడు, పాత రకాలంత గోల చేయదు.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. జనరేటర్ మీద "12 వోల్ట్ డీసీ" అని ఒక సాకెట్ ఉంటుంది. దానికి బ్యాటరీ తగిలించి, గంటల తరబడి నడిపి, ఎందుకు నిండలేదని తల పట్టుకుంటారు. అందులోంచి వచ్చేది 8 ఆంపియర్ల చుట్టూ మాత్రమే. ట్రైలర్ కరెంటు తీగను జనరేటర్ మీది మామూలు ఇంటి కరెంటు (ఏసీ) సాకెట్‌లో పెట్టి, ట్రైలర్ లోపలి కన్వర్టర్‌తో (ఆ కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చేది) చార్జ్ చేయాలి. ఆ కన్వర్టర్ ఎలాంటిదో కూడా చూడాలి. పాత ట్రైలర్‌లలో అది 13.6 వోల్టుల దగ్గర కదలకుండా ఉండే రకం. లెడ్ బ్యాటరీకి ముందు 14.4 దాకా ఎక్కించాలి, లిథియానికి 14.2 నుంచి 14.6 వరకూ. 13.6తో లెడ్ బ్యాటరీ రోజంతా నడిపినా నిండదు. కొత్త జనరేటర్ కొనేముందు కన్వర్టర్ మార్చిన వాళ్లు తెలివైనవాళ్లు, సగం గంటలతో అదే పని అయిపోతుంది.

లెడ్ ఉంటే పొద్దున్నే, బ్యాటరీ బాగా ఆకలి మీద ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలు నడిపి ఆపేయండి. సాయంత్రం నడిపితే పెట్రోలు అంతే కాలుతుంది, ఎక్కేది తక్కువ. 80 దాటాక మిగతాది ఒక చిన్న ప్యానెల్‌కి వదిలేయండి. లిథియం ఉంటే ఎప్పుడు నడిపినా ఒకటే, అందుకే జనరేటర్‌కి సరైన జోడీ లిథియం. ఎత్తైన కొండ ప్రాంతాల్లో ప్రతి 300 మీటర్లకూ మూడు శాతానికి పైగా శక్తి తగ్గుతుందని గుర్తుంచుకోండి.

పొగ విషయంలో మొహమాటం వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. జనరేటర్‌ని కనీసం 6 మీటర్ల దూరంలో, సైలెన్సర్ మీ కిటికీలకీ పక్కవాళ్ల కిటికీలకీ ఎదురుగా లేకుండా పెట్టండి. వాన పడుతోందని గొడుగు గుడారం కిందికి లాక్కురాకండి. ట్రైలర్ లోపల మోనాక్సైడ్ అలారం పని చేస్తోందో లేదో నొక్కి చూసుకోండి.

లాగే బండి నుంచి

మళ్లీ మొదట్లో చెప్పిన రాత్రి కథకు వస్తే, ఆరు గంటల ప్రయాణంలో మా బ్యాటరీ ఎందుకు నిండలేదు? ట్రైలర్ ప్లగ్గులో చార్జింగ్‌కి ఒక తీగ ఉన్నమాట నిజమే. దాని మందం 5 చదరపు మిల్లీమీటర్ల లాంటిది. ఇంజిన్ దగ్గర మొదలై ట్రైలర్ ముక్కు దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి 20 మీటర్లు. ఆ తీగలో 15 ఆంపియర్లు పారితే దారిలోనే 1 వోల్టు ఆవిరైపోతుంది. ఇంజిన్ దగ్గర 14 ఉంటే బ్యాటరీకి దక్కేది 13. అంతటితో కరెంటు మూడు, నాలుగు ఆంపియర్లకు పడిపోతుంది. ఈమధ్య బండ్లు ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) వోల్టేజీని తామే తగ్గించేస్తున్నాయి, వాటిలో ఆ మాత్రం కూడా రాదు.

దీనికి మందు డీసీ-డీసీ చార్జర్. తక్కువ వోల్టేజీతో వచ్చినదాన్ని పైకెత్తి బ్యాటరీకి కావలసినట్టు ఇస్తుంది. 30 ఆంపియర్లది ఉంటే మూడు గంటల ప్రయాణంలో లిథియంకి 90 ఏహెచ్ ఎక్కుతుంది. అయితే 30 బయటికి రావాలంటే లోపలికి 35, 40 ఆంపియర్లు వెళ్లాలి. పాత ప్లగ్గు తీగ దానికి తట్టుకోదు. బండి బ్యాటరీ నుంచి మందమైన తీగ వేరుగా లాగి, రెండు చివర్లా ఫ్యూజులు పెట్టాలి. అంత పని వద్దనుకుంటే 10 ఆంపియర్ల చిన్నది తీసుకుని ఉన్న తీగతోనే సరిపెట్టుకోండి. లిథియంని మాత్రం మధ్యలో ఏమీ లేకుండా నేరుగా కలపకండి. అది ఎంతిస్తే అంత లాగేసి, ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్‌ని కాల్చేయగలదు.

రెండు రోజులకోసారి చోటు మార్చేవాళ్లకు ఇది బ్రహ్మాండం. ఒకేచోట వారం కూర్చునేవాళ్లకు దండగ. చార్జింగ్ కోసం నిలబెట్టిన బండి ఇంజిన్ గంటల కొద్దీ నడపడం ఎవరికీ మంచిది కాదు. ఇంకో మాట, దిగగానే ప్లగ్గు ఊడదీయండి. మధ్యలో ఐసొలేటర్ (ఇంజిన్ ఆగితే రెండు బ్యాటరీలనూ విడదీసే స్విచ్చు) లేని బండ్లలో ట్రైలర్ రాత్రంతా బండి బ్యాటరీని కూడా తాగేస్తుంది, పొద్దున స్టార్ట్ కాదు.

పవర్ స్టేషన్, గాలిమర

బ్యాటరీ, ఇన్వర్టర్ కలిపి ఒకే పెట్టెలా ఉండే పవర్ స్టేషన్ లాప్‌టాప్‌లకు, గుడారంలో పడుకునేవాళ్లకు చక్కగా పనికొస్తుంది. 1,000 వాట్-అవర్లది అంటే 12 వోల్టుల లెక్కలో 80 ఏహెచ్. కానీ దాంతో ట్రైలర్ బ్యాటరీని నింపడమంటే ఒక చెంబులో నీళ్లు ఇంకో చెంబులో పోసి కొంత ఒలకబోసుకోవడమే. ట్రైలర్ తీగను దానికి తగిలించి నడపాలనుకుంటే కన్వర్టర్ బ్రేకర్ ఆపేయండి, లేకపోతే మీరు అడక్కుండానే బ్యాటరీని చార్జ్ చేయడం మొదలుపెడుతుంది. ట్రైలర్ సొంత ఇన్వర్టర్‌కే ట్రైలర్ తీగను తగిలించినవాళ్లను కూడా చూశాను. బ్యాటరీ తనను తానే చార్జ్ చేసుకుంటూ ఖాళీ అయిపోతుంది.

చిన్న గాలిమర గురించి ఒక్క ముక్క: గాలి వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గాలి తగలని చోటు వెతుక్కుని మరీ మనం దిగుతాం. వదిలేయండి.

ఎవరికి ఏది

వారాంతంలో రెండు రాత్రులు, హీటర్ అవసరం లేని కాలం అయితే చార్జింగ్ సామాను ఏదీ కొనకండి. రోజుకు 20 ఏహెచ్ చొప్పున 100 ఏహెచ్ లెడ్ బ్యాటరీయే నెగ్గుకొస్తుంది, బయల్దేరేటప్పుడు నిండుగా ఉంటే చాలు. ఎండలో వారం ఉండేవాళ్లు 200 వాట్ల సోలార్‌తో, లెడ్ అయినా లిథియం అయినా, హాయిగా గడపొచ్చు. అడవి నీడలో ఉండేవాళ్లకూ చలికాలం తిరిగేవాళ్లకూ జనరేటర్, మంచి కన్వర్టర్, వీలైతే లిథియం. రోజూ కదిలేవాళ్లకు లిథియం, డీసీ-డీసీ. మామూలుగా అన్ని రకాల చోట్లకూ వెళ్లే కుటుంబానికి నేను చెప్పే వరుస ఇది: ముందు షంట్ మీటరు, తర్వాత 100 వాట్ల మడత ప్యానెల్, ఆ తర్వాత ఒక సీజన్ తిరిగి చూసి జనరేటర్ కావాలో వద్దో అప్పుడు తేల్చుకోండి.

ఏదీ కొనకముందు ఇంటి దగ్గరే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. బ్యాటరీ నిండా నింపి, ట్రైలర్ తీగను గోడ సాకెట్ నుంచి పీకేసి, అక్కడే ఒక రాత్రి పడుకోండి. లైట్లు, పంపు, హీటర్ అన్నీ మామూలుగా వాడండి. పొద్దున లేవగానే అన్నీ ఆపేసి, గంటసేపు ఆగి లెడ్ బ్యాటరీకి మీటరు పెట్టండి. 12.5 చూపిస్తే మీరు పొదుపరులు, చిన్న ప్యానెల్ చాలు. 12.2 చూపిస్తే ఒక్క రాత్రికే సగం తాగేశారు, రెండో రాత్రికి ఏదో ఒకటి కావలసిందే. 12కి దిగువన ఉందంటే బ్యాటరీ ముసలిదైపోయి ఉండొచ్చు, లేదా మీకు తెలియకుండా ఏదో లాగుతోంది. అలాంటప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ, బ్యాటరీ తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో అంకె ఎప్పుడు పడిపోతుందో చూడండి. మా ట్రైలర్‌లో ఆ దొంగ మంచం కింద అరలోని బల్బు. అర మూసినా అది ఆరదని మాకు ఏడాది తర్వాత తెలిసింది.